జీర్ణవ్యవస్థ క్యాన్సర్లు: రక్తపరీక్షను ఎప్పుడు, ఎలా వాడుకోవాలి

హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఈమధ్య ‘క్యాన్సర్ ప్రొఫైల్’ అని ఒకటి చేరింది. సీఈఏ, సీఏ 19-9, ఏఎఫ్‌పీ అని మూడు నాలుగు పేర్లుంటాయి. కణితి ఉన్నప్పుడు రక్తంలో పెరగగల ఇలాంటి పదార్థాల్నే ట్యూమర్ మార్కర్లంటారు. కాస్త రక్తం ఇస్తే సాయంత్రానికల్లా ఫోన్‌లోకి రిపోర్ట్ వచ్చేస్తుంది. అంకె ఎక్కువగా ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. నార్మల్ అని వస్తే మాత్రం, నెలల తరబడి మలంలో రక్తం పడుతున్న మనిషి కూడా ‘హమ్మయ్య’ అనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మానేస్తాడు. ఈ రెండింటిలో రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఈ పరీక్షలు పనికిరానివని కాదు. ఆపరేషన్ అయ్యాక జబ్బు తిరగబెడుతోందేమో కనిపెట్టడానికి కొన్ని బాగా పనికొస్తాయి. అసలు జబ్బు ఉందా లేదా తేల్చమంటే మాత్రం అవే తడబడతాయి. కాబట్టి రక్తం ఇవ్వకముందే ‘ఈ పరీక్షని నేను ఏం అడుగుతున్నాను? జవాబు ఎలా వస్తే ఏం చేస్తాను?’ అన్నది తేల్చుకోవాలి. అన్నవాహిక, కడుపు, పెద్దపేగు, పురీషనాళం, కాలేయం, పిత్తనాళాలు, క్లోమం, వీటికి వచ్చే క్యాన్సర్ల విషయంలో ఆ పని ఎలా చేయాలో వరసగా చూద్దాం.

మొదటి అడుగు: మీరు ఏ గుంపులో ఉన్నారో చూసుకోండి

ఇలాంటి పరీక్ష చేయించుకునేవాళ్ళు నాలుగు రకాలు. లక్షణాలు ఉండి, ఏమిటో తెలియనివాళ్ళు. లక్షణాలేవీ లేకపోయినా ముందుజాగ్రత్తగా చూపించుకుందామనుకునేవాళ్ళు. క్యాన్సర్ అని తేలి చికిత్సలో ఉన్నవాళ్ళు. చికిత్స అయిపోయి ఫాలోఅప్‌లో ఉన్నవాళ్ళు. ఒకే సీఈఏ, ఒకే అంకె ఈ నలుగురి చేతిలో నాలుగు రకాల అర్థాలిస్తుంది. మొదటి ఇద్దరికీ దాని వల్ల ఉపయోగం చాలా తక్కువ. చివరి ఇద్దరికీ ఎక్కువ.

రెండో అడుగు: లక్షణాలుంటే ట్యూమర్ మార్కర్ల దాకా పోవద్దు

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగుతుంటే అడ్డుపడటం, వారాల తరబడి మలవిసర్జన తీరు మారిపోవడం, కామెర్లు, నల్లటి తారులాంటి విరేచనం, యాభై దాటాక బరువు తగ్గుతూ కొత్తగా షుగర్ బయటపడటం. వీటిలో ఏదున్నా మీకు కావలసింది డాక్టర్ పరీక్ష, అవసరాన్ని బట్టి ఎండోస్కోపీ, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో నోటి నుంచి, మలద్వారం నుంచి లోపల చూడటం) లేదా స్కాన్. క్యాన్సర్ అని ఖాయం చేసేది చాలా సందర్భాల్లో బయాప్సీయే, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడమే. తొలి దశ పెద్దపేగు క్యాన్సర్ ఉన్న చాలామందిలో సీఈఏ మామూలుగానే ఉంటుంది. అందుకే ‘సీఈఏ నార్మల్ కాబట్టి కొలనోస్కోపీ అక్కర్లేదు’ అన్న లెక్క తప్పు. ఎవరు చెప్పినా తప్పే.

అలాగని రక్తపరీక్షకు ఇక్కడ చోటు లేదని కాదు. పేరున్న మార్కర్లకంటే మామూలు పరీక్షలే ఇక్కడ ఎక్కువ పని చేస్తాయి. మగవాళ్ళలో గానీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో గానీ హిమోగ్లోబిన్ తగ్గి, ఒంట్లో ఐరన్ నిల్వని చూపే ఫెరిటిన్ కూడా తక్కువగా ఉంటే పేగులోనో కడుపులోనో ఎక్కడో కొంచెం కొంచెంగా రక్తం పోతోందని అనుమానించాలి. ఐరన్ మాత్రలు రాసిచ్చి పంపేస్తే సరిపోదు, పైనుంచీ కిందనుంచీ స్కోపీ చేసి చూడాలి. ‘రక్తం తక్కువగా ఉందన్నారు, మాత్రలు వేసుకుంటున్నాను’ అనేవాళ్ళు ప్రతి కుటుంబంలో ఉంటారు. ఆ రక్తం ఎటు పోతోందని అడిగేవాళ్ళే తక్కువ. మీరు అడగండి. లివర్ పరీక్షల్లో బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రెండూ కలిసి పెరిగితే పిత్తనాళానికి ఎక్కడో అడ్డం పడిందేమో చూడాలి. అప్పుడు తర్వాతి అడుగు అల్ట్రాసౌండ్ లేదా సి.టి.

మూడో అడుగు: లక్షణాలు లేకుండా స్క్రీనింగ్ కోసమైతే లెక్క వేసుకోండి

సీఈఏని 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ కనుక్కున్నారు. పెద్దపేగు క్యాన్సర్‌ని రక్తంతోనే పట్టేయవచ్చని అప్పట్లో చాలా ఆశపడ్డారు. ఆ ఆశ నిలవలేదు. పొగ తాగేవాళ్ళలో, లివర్ జబ్బుల్లో, పేగు వాపు జబ్బుల్లో, పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు)లో, థైరాయిడ్ మందగించినప్పుడు కూడా సీఈఏ పెరుగుతుంది. కుక్క మొరిగింది కాబట్టి దొంగే వచ్చాడనలేం, మొరగలేదు కాబట్టి దొంగ రాలేదనీ అనలేం. అందుకే ఏ లక్షణాలూ లేనివాళ్ళలో సీఈఏతో గానీ సీఏ 19-9తో గానీ స్క్రీనింగ్ చేయవద్దని క్యాన్సర్ వైద్యుల సంఘాలు చెబుతాయి. ప్యాకేజీలో ఉచితంగా కలిపి ఇచ్చినా వద్దనే నేనంటాను. ఆ అంకె కొంచెం పెరిగి వస్తే దాని వెంట వచ్చే స్కాన్లు, టెన్షన్ ఉచితం కావు.

ఇప్పుడు వస్తున్న కొత్తరకం పరీక్షలు వేరు. కణితి కణాలు చనిపోతూ తమ డీఎన్‌ఏ ముక్కల్ని రక్తంలోకి వదులుతాయి. ఆ ముక్కల్లోని మార్పుల్ని, ముఖ్యంగా మిథైలేషన్ అనే రసాయన గుర్తుల్ని ఈ పరీక్షలు వెతుకుతాయి. సెప్టిన్ 9 అనే జన్యువు మీద ఆధారపడిన పరీక్షకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో అనుమతిచ్చింది. 2024 జులైలో షీల్డ్ అనే పరీక్షకి, 45 ఏళ్ళు దాటి మామూలు రిస్క్ ఉన్నవాళ్ళ కోసం అనుమతి వచ్చింది. దాని వెనకున్న ఎక్లిప్స్ అనే అధ్యయనం అదే ఏడాది మార్చిలో అచ్చయింది. అందులోని మూడు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు. పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవాళ్ళలో 83 శాతం మందిని పట్టుకుంది. క్యాన్సర్‌గా మారే ప్రమాదమున్న పెద్ద పాలిప్‌లని (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపెల్ని) మాత్రం 13 శాతం మందిలోనే పట్టుకుంది. అటు క్యాన్సర్ గానీ ఇటు పెద్ద పాలిప్‌లు గానీ లేనివాళ్ళలో పది శాతం మందికి అనవసరంగా పాజిటివ్ చూపించింది.

దీన్ని మనుషుల లెక్కలోకి మార్చి చూడండి. వెయ్యి మంది ఈ పరీక్ష చేయించుకున్నారనుకుందాం. వాళ్ళలో ఐదుగురికి నిజంగా క్యాన్సర్ ఉందనుకుందాం. నలుగురు దొరుకుతారు, ఒకరు తప్పించుకుంటారు. మిగతా వాళ్ళలో దాదాపు వంద మందికి క్యాన్సర్ లేకపోయినా పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన నూటికి పైగా మందిలో నిజంగా క్యాన్సర్ ఉన్నది నలుగురికే. కాబట్టి పాజిటివ్ అనగానే క్యాన్సర్ అనుకుని కుంగిపోవాల్సిన పని లేదు. ‘మిగతావాళ్ళంతా ఉత్తుత్తి పాజిటివ్‌లే కదా’ అని వదిలేయడానికీ లేదు. కొలనోస్కోపీ చేయించుకోవాల్సిందే. ఇంకోసారి రక్తం ఇచ్చి నెగెటివ్ వస్తుందేమో చూద్దామనుకోవడం మనసుకి నచ్చే దారే గానీ సరైన దారి కాదు.

నాకు ఎక్కువ ముఖ్యమనిపించేది ఆ 13 శాతం. కొలనోస్కోపీకి ఉన్న అసలు బలం క్యాన్సర్‌ని కనుక్కోవడం ఒక్కటే కాదు, క్యాన్సర్ కాకముందే పాలిప్‌ని తీసేయడం. రక్తపరీక్ష ఆ పని దాదాపుగా చేయలేదు. మలంతో చేసే పరీక్షలు ఈ విషయంలో దానికంటే నయం. 2024 మార్చిలోనే అచ్చయిన మరో అధ్యయనంలో మలంలో డీఎన్‌ఏని వెతికే కొత్త పరీక్ష క్యాన్సర్లలో 94 శాతం, ప్రమాదకరమైన పాలిప్‌లలో 43 శాతం పట్టుకుంది. మలంలో కంటికి కనపడని రక్తాన్ని వెతికే మామూలు ఫిట్ పరీక్ష అదే అధ్యయనంలో 67 శాతం, 23 శాతం పట్టుకుంది. కాబట్టి ఎంచుకునే వరస ఇలా ఉండాలి: కొలనోస్కోపీకి సిద్ధమైతే అదే. కాదంటే క్రమం తప్పకుండా మలపరీక్ష. ఈ రెండూ ససేమిరా అనే మనిషికి మాత్రమే రక్తపరీక్ష, అది కూడా మూడేళ్ళకోసారి. ఏ పరీక్షా చేయించుకోకుండా కూర్చోవడంకంటే ఇది ఎంతో మేలు. దాని విలువ కూడా అక్కడే ఉంది.

ఇంట్లో తల్లికో తండ్రికో అన్నదమ్ములకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా, లించ్ సిండ్రోమ్ లాంటి వంశపారంపర్య జబ్బు ఉన్నా, ఏళ్ళ తరబడి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నా, ముందే పాలిప్‌లు తీయించుకుని ఉన్నా ఈ రక్తపరీక్ష మీ కోసం కాదు. మీకు కొలనోస్కోపీయే.

మిగతా అవయవాల సంగతి క్లుప్తంగా. కాలేయం విషయంలో రక్తపరీక్షకి గట్టి చోటుంది. సిర్రోసిస్ ఉన్నవాళ్ళు, హెపటైటిస్ బి ఉండి రిస్క్ ఎక్కువున్నవాళ్ళు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్‌తోపాటు ఏఎఫ్‌పీ చేయించుకోవాలి. ఏఎఫ్‌పీ 20 దాటినా, దాటకపోయినా ప్రతిసారీ పెరుగుతూ పోతున్నా సి.టి. లేదా ఎమ్‌ఆర్‌ఐ కావాలి. ఏఎఫ్‌పీ ఒక్కటే చేయించి అల్ట్రాసౌండ్ మానేయడం కుదరదు, చాలా కాలేయ కణితులు దాన్ని పెంచవు. కడుపు విషయంలో జపాన్‌లో పెప్సినోజెన్ అనే రక్తపరీక్షని హెలికోబాక్టర్ పైలోరీ అనే కడుపులో చేరే బ్యాక్టీరియా యాంటీబాడీతో కలిపి వాడతారు. పెప్సినోజెన్ 1 విలువ 70 లేదా అంతకంటే తక్కువ, 1కి 2కి మధ్య నిష్పత్తి 3 లేదా అంతకంటే తక్కువ ఉంటే కడుపు లోపలి పొర అరిగిపోయిందని అర్థం. అది క్యాన్సర్ అని చెప్పదు, ఎండోస్కోపీ ఎవరికి ముందు చేయాలో చెబుతుంది. గ్యాస్ కోసం వాడే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి మాత్రలు ఈ అంకెని తారుమారు చేస్తాయి, ముందే చెప్పండి. క్లోమం క్యాన్సర్‌కి, మామూలు రిస్క్ ఉన్నవాళ్ళలో వాడదగ్గ స్క్రీనింగ్ రక్తపరీక్ష ఇప్పటికి లేదు.

ఒక్క రక్తపు చుక్కతో యాభై రకాల క్యాన్సర్లు పట్టేస్తామనే ప్రకటనలు కూడా మీకు కనపడే ఉంటాయి. ఇంగ్లాండ్‌లో 2021లో మొదలైన ఒక పెద్ద ట్రయల్‌లో ఇలాంటి పరీక్ష కోసం సుమారు 1,40,000 మందిని చేర్చుకున్నారు. ఇలాంటి పరీక్ష గురించి అడగాల్సింది ‘ఎన్ని క్యాన్సర్లు దొరికాయి’ అని కాదు, ‘ముదిరిన దశలో దొరికేవి తగ్గాయా, చావులు తగ్గాయా’ అని. ఆ ప్రశ్న అడిగితే సగం ప్రకటనలు నోరు మెదపవు.

నాలుగో అడుగు: చికిత్స మొదలుకాకముందే ఒకసారి రక్తం ఇవ్వండి

బయాప్సీలో క్యాన్సర్ అని తేలాక మార్కర్ల విలువ మారిపోతుంది. ఆపరేషన్‌కి గానీ కీమోకి గానీ ముందు తీసిన అంకె లేకపోతే తర్వాత వచ్చే అంకెలన్నీ దేనితో పోల్చుకోవాలో తెలియదు. పెద్దపేగు, పురీషనాళం అయితే సీఈఏ. క్లోమం, పిత్తనాళాలైతే సీఏ 19-9. కాలేయమైతే ఏఎఫ్‌పీ. కడుపుకి చాలాచోట్ల సీఈఏ, సీఏ 19-9, సీఏ 72-4 కలిపి చూస్తారు. హడావుడిలో ఇది మర్చిపోవడం మామూలే. ఆపరేషన్‌కి తేదీ ఖాయమైన రోజే ‘ముందు తీయాల్సిన మార్కర్ తీశారా?’ అని అడగండి.

రక్తం ఇచ్చే ముందు కొన్ని సంగతులు డాక్టర్‌కో ల్యాబ్‌కో చెప్పాలి.

జుట్టుకీ గోళ్ళకీ అని వేసుకునే బయోటిన్ మాత్రలు పెద్ద చిక్కు తెస్తాయి. చాలా యంత్రాల్లో పరీక్ష పద్ధతే బయోటిన్ మీద ఆధారపడి ఉంటుంది. ఒంట్లో అది ఎక్కువగా ఉంటే మార్కర్ అంకె నిజంకంటే తక్కువగా కనపడొచ్చు. ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. కనీసం రెండు మూడు రోజుల ముందే ఆపేయండి, ఎక్కువ మోతాదు వాడుతుంటే ఇంకా ముందే ఆపాలేమో అడగండి.

కామెర్లు ఉండగా తీసిన సీఏ 19-9ని నమ్మొద్దు. క్యాన్సర్ ఏమీ లేకుండా పిత్తనాళంలో రాయి అడ్డం పడినా అది వందల్లోకి, ఒక్కోసారి వేలల్లోకి ఎగబాకుతుంది. స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేసి బిలిరుబిన్ దిగాక మళ్ళీ తీస్తేనే అది పోల్చదగ్గ అంకె. ఇంకో విచిత్రం, జనాభాలో 5 నుంచి 10 శాతం మంది ఒంట్లో సీఏ 19-9 అసలు తయారే కాదు. లూయిస్ అనే రక్తవర్గానికి సంబంధించిన ఎంజైమ్ వాళ్ళలో ఉండదు. క్లోమంలో పెద్ద గడ్డ ఉన్నా వాళ్ళ రిపోర్ట్ సున్నా దగ్గరే ఉంటుంది. స్కాన్‌లో గడ్డ స్పష్టంగా కనపడుతుండగా సీఏ 19-9 ఒకటి, రెండు అని వస్తే అది మంచి వార్త కాదు. ఆ మనిషికి ఆ మార్కర్ పనికిరాదని మాత్రమే అర్థం.

పొగ తాగే అలవాటుంటే చెప్పండి. చాలా ల్యాబ్‌లు తాగనివాళ్ళకి సుమారు 3, తాగేవాళ్ళకి 5 నానోగ్రాముల దాకా సీఈఏని మామూలుగానే లెక్కేస్తాయి. గర్భంతో ఉంటే ఏఎఫ్‌పీ పెరగడం సహజం. కాలేయం కోసం పివ్‌కా-2 అనే మార్కర్ తీస్తుంటే, రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతున్నారేమో చెప్పాలి, ఆ మందు దాన్ని పెంచేస్తుంది. ఈ మార్కర్లకి పరగడుపున ఉండాల్సిన పని మాత్రం లేదు.

ఐదో అడుగు: ఒక్క అంకెని కాదు, వరసని చూడండి

ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో చేయించండి. రెండు కంపెనీల యంత్రాల మీద ఒకే రక్తానికి వేర్వేరు అంకెలు రావడం మామూలే. ల్యాబ్ మారక తప్పకపోతే పాతచోట, కొత్తచోట ఒకే రోజు ఇచ్చి రెండూ రాసుకోండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, అంకె, ల్యాబ్, ఆ వారంలో జ్వరం గానీ కీమో గానీ కామెర్లు గానీ ఉన్నాయా అన్నది రాయండి. ఆ చివరి గడి చాలామంది రాయరు. ఆరు నెలల తర్వాత ‘ఇది ఎందుకు పెరిగింది’ అని తలలు పట్టుకునేది అక్కడే.

ఆపరేషన్‌లో కణితి మొత్తం పోయి ఉంటే, పెరిగి ఉన్న సీఈఏ నాలుగు నుంచి ఆరు వారాల్లో మామూలు స్థాయికి దిగాలి. దిగకపోతే ఎక్కడో కొంత మిగిలిందేమో వెతకాలి. అందుకే ఆపరేషన్ అయిన మూడో రోజునే పరీక్ష చేయించి కంగారు పడొద్దు. కీమో మొదలైన తొలి నాలుగైదు వారాల్లో, ముఖ్యంగా ఆక్సాలిప్లాటిన్ ఇస్తున్నప్పుడు, సీఈఏ ఒకసారి ఎగిసి తర్వాత దిగడం కూడా ఉంది. కణాలు చచ్చేటప్పుడు, లివర్ మీద మందు ప్రభావం పడినప్పుడు అలా జరుగుతుంది. ఆ ఒక్క అంకె చూసి ‘మందు పనిచేయడం లేదు’ అనే నిర్ణయానికి రాకూడదు. సి.టి.తో కలిపి చూడాలి.

ఫాలోఅప్‌లో మామూలుగా పాటించే లెక్క ఇది: రెండో, మూడో దశ పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మొదటి రెండేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఐదో ఏడు నిండేదాకా ఆరు నెలలకోసారి సీఈఏ. ఆపరేషన్‌కి ముందు సీఈఏ మామూలుగా ఉన్నవాళ్ళు కూడా చేయించాలి, తిరగబెట్టినప్పుడు పెరిగే అవకాశముంది.

వరస ఎలా చదవాలో ఒక ఉదాహరణ. ఏడాదిగా 1.8, 2.1, 1.9 అంటూ నడుస్తున్న సీఈఏ, తర్వాత 3.4, దాని తర్వాత 4.6 అయిందనుకోండి. ల్యాబ్ గీసిన 5 అనే గీత ఇంకా దాటలేదు కాబట్టి రిపోర్ట్ ‘నార్మల్’ అనే అంటుంది. కానీ ఇది నార్మల్ కాదు, ఎక్కుతున్న వరస. డాక్టర్‌కి చూపించాలి. అదే ఇంకొకరికి 5.5, 5.2, 5.6 అని మూడేళ్ళుగా ఊగుతూ ఉంటే, పొగ తాగే మనిషైతే, అది అతని మామూలు స్థాయి కావచ్చు. ఏ పెరుగుదలనైనా మొదట కొన్ని వారాల్లో మళ్ళీ తీసి ఖాయం చేసుకోవాలి. ఖాయమైతే ఛాతీ, పొట్ట, కటి భాగాల సి.టి., అవసరమైతే కొలనోస్కోపీ. పెరిగిన అంకెని మాత్రమే చూసి, స్కాన్‌లో ఏమీ కనపడకుండా కీమో మొదలుపెట్టరు.

దీని మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో కూడా తెలుసుకోండి. 5 అనే గీత పెట్టుకుని చూస్తే, తిరగబెట్టినవాళ్ళలో సీఈఏ పట్టుకునేది సుమారు 71 శాతం మందిని. 2015లో అధ్యయనాలన్నీ కలిపి వేసిన కొక్రేన్ సమీక్షలో తేలిన అంకె అది. మిగతా వాళ్ళని పట్టుకోవడానికే సి.టి. బ్రిటన్‌లో 1,202 మంది మీద జరిగి 2014లో వెలువడిన ఫాక్స్ అనే ట్రయల్‌లో, లక్షణాలు వస్తేనే చూసిన గుంపులో తిరగబెట్టిన జబ్బుకి నయమయ్యేలా మళ్ళీ ఆపరేషన్ చేయగలిగింది 2.3 శాతం మందికి. క్రమంగా సీఈఏ చూసిన గుంపులో 6.7 శాతం మందికి, సి.టి. చూసిన గుంపులో 8 శాతం మందికి చేయగలిగారు. ముందుగా దొరికితే ఆపరేషన్ అవకాశం పెరుగుతుందన్నది స్పష్టం. మొత్తం మీద ఆయుష్షు పెరిగిందని మాత్రం ఆ ట్రయల్ చూపలేకపోయింది. అందుకే వయసు మీదపడి, ఇంకే ఆపరేషన్నీ కీమోనీ తట్టుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళకి మూడు నెలలకోసారి సీఈఏ తీయడంలో అర్థం లేదు. పెరిగిందని తెలిసి చేయగలిగింది ఏమీ లేనప్పుడు ఆ అంకె దిగులు తప్ప ఇంకేమీ ఇవ్వదు. ఈ మాట డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవడం మేలు.

ఆరో అడుగు: ఆపరేషన్ తర్వాత డీఎన్‌ఏ పరీక్ష గురించి అడగండి, తొందరపడకండి

కణాల బయట, రక్తంలో డీఎన్‌ఏ తిరుగుతుంటుందని ఫ్రాన్స్‌లో మాండెల్, మెటే 1948లోనే చెప్పారు. దాన్ని క్యాన్సర్ వైద్యంలోకి తేవడానికి యంత్రాలు ఎదిగేదాకా ఆగాల్సి వచ్చింది. ఆపరేషన్‌లో తీసిన మీ కణితిలోని జన్యు మార్పుల్ని మొదట చదివి, ఆ మార్పులే మీ రక్తంలో ఉన్నాయేమో వెతకడం ఒక పద్ధతి. కణితి ముక్కతో పని లేకుండా రక్తాన్ని మాత్రమే చూడటం ఇంకో పద్ధతి. మొదటిదానికి తొలి రిపోర్ట్ రావడానికి కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి అడగదలిస్తే ఆపరేషన్ అయిన వెంటనే అడగండి, పాథాలజీ ల్యాబ్‌లో కణితి దిమ్మ (మైనంలో దాచిన కణితి ముక్క) భద్రంగా ఉందో లేదో కూడా కనుక్కోండి.

కణితి డీఎన్‌ఏ ముక్కలు రక్తంలో గంట రెండు గంటల్లోనే సగానికి తగ్గిపోతాయి. సీఈఏ అయితే సగానికి దిగడానికే రోజులు పడుతుంది. అందుకే ఈ పరీక్ష ప్రస్తుత పరిస్థితిని చూపిస్తుంది, నెలల ముందే హెచ్చరించగలదు. అయితే ఆపరేషన్ గాయం వల్ల మామూలు కణాల డీఎన్‌ఏ కొన్ని వారాలపాటు రక్తాన్ని ముంచెత్తుతుంది, కొద్దిగా ఉన్న కణితి డీఎన్‌ఏ అందులో కలిసిపోతుంది. నాలుగు వారాలు నిండకముందు తీసి నెగెటివ్ వచ్చిందని సంబరపడొద్దు. రక్తం పట్టే ట్యూబు కూడా ప్రత్యేకమైనదే. మామూలు ఈడీటీఏ ట్యూబులో పట్టి గంటల తరబడి బల్ల మీద ఉంచేస్తే తెల్లకణాలు పగిలి శాంపిల్ పాడవుతుంది. ఇంటికి వచ్చి శాంపిల్ తీసుకెళ్ళేవాళ్ళని ఏ ట్యూబో అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇది చికిత్సని నిజంగా మార్చగలదని చూపిన ముఖ్యమైన ట్రయల్ డైనమిక్. ఆస్ట్రేలియాలో 455 మంది రెండో దశ పెద్దపేగు క్యాన్సర్ రోగుల మీద జరిపి, 2022లో ఫలితాలు అచ్చేశారు. ఈ పరీక్షని బట్టి నిర్ణయం తీసుకున్న గుంపులో కీమో పడింది 15 శాతం మందికే. మామూలు పద్ధతిలో నిర్ణయించిన గుంపులో 28 శాతం మందికి. రెండేళ్ళ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు మొదటి గుంపులో 93.5 శాతం, రెండో గుంపులో 92.4 శాతం. అంటే కీమో పడ్డవాళ్ళు దాదాపు సగానికి తగ్గినా నష్టం జరగలేదు. రెండో దశలో ‘కీమో కావాలా వద్దా’ అని ఊగిసలాడుతున్నవాళ్ళకి ఇది ఆంకాలజిస్ట్‌తో తప్పక మాట్లాడాల్సిన విషయం.

మూడో దశలో మాత్రం నెగెటివ్ వచ్చిందని సొంతంగా కీమో మానేయకండి. పాజిటివ్ వచ్చినవాళ్ళకి తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువన్నది నిజం. మందు మోతాదు పెంచినంత మాత్రాన ఆ ప్రమాదం తగ్గుతుందని మాత్రం ఇంకా గట్టిగా రుజువు కాలేదు. జబ్బు పొట్ట లోపలి పొర మీద గానీ, ఊపిరితిత్తుల్లో చిన్న మచ్చలుగా గానీ మాత్రమే ఉన్నప్పుడు కణితి డీఎన్‌ఏ రక్తంలోకి తక్కువగా వస్తుంది, పరీక్ష దాన్ని దాటేయగలదు. కాబట్టి ఇది ఉందని సి.టి.ని, సీఈఏని ఆపరు. పాజిటివ్ వచ్చి స్కాన్‌లో ఏమీ కనపడని పరిస్థితి ఎదురైతే ఏం చేస్తారో ముందే అడగండి. ఆ జవాబు మీ డాక్టర్ దగ్గర సిద్ధంగా లేకపోతే పరీక్షకి తొందరేమీ లేదు.

ఏడో అడుగు: జబ్బు పాకి ఉంటే, మందు ఎంపికకి రక్తాన్ని వాడుకోండి

పెద్దపేగు క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకినప్పుడు సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనే మందులు ర్యాస్ జన్యువులో మార్పు లేనివాళ్ళకే పనిచేస్తాయి. కణితి ముక్కతో ఈ పరీక్ష చేస్తారు. ముక్క చాలకపోయినా, పాతబడినా, మళ్ళీ బయాప్సీ ప్రమాదమైనా రక్తంతో చేయవచ్చు. మార్పు కనపడితే నమ్మవచ్చు. కనపడకపోతే మాత్రం రక్తంలో సరిపడా కణితి డీఎన్‌ఏ అసలు ఉందా అని రిపోర్ట్‌లో చూడమని అడగండి, అది లేకపోతే ఆ నెగెటివ్‌కి విలువ లేదు.

క్యాన్సర్‌ని వెతకని రక్తపరీక్ష ఒకటి కూడా ఇక్కడే చెప్పాలి. 5-ఎఫ్‌యూ ఇంజెక్షన్‌కి, కాపెసిటాబిన్ మాత్రలకి ముందు డీపీడీ అనే ఎంజైమ్ లోపం ఉందేమో చూడాలని యూరప్ మందుల సంస్థ 2020లో సిఫారసు చేసింది. ఆ లోపం ఉన్నవాళ్ళకి మామూలు మోతాదే ప్రాణం మీదకి తెస్తుంది. జీర్ణవ్యవస్థ క్యాన్సర్లలో ఎక్కువగా వాడే మందులు ఇవే కాబట్టి మొదటి డోసుకి ముందే అడగండి.

ఎనిమిదో అడుగు: రిపోర్ట్ ఎప్పుడు, ఎవరితో చూడాలో ముందే అనుకోండి

పరీక్ష తేదీని డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి రెండు మూడు రోజుల ముందు పెట్టుకోండి. వారం చివర రక్తం ఇచ్చి, రాత్రి పదకొండుకి ఫోన్‌లో అంకె చూసి, సోమవారం దాకా ఇంటిల్లిపాదీ నలిగిపోవడం ఎవరికీ మంచిది కాదు. మీ నోట్‌బుక్, పాత రిపోర్ట్‌లన్నీ, వాడుతున్న మందుల జాబితా తీసుకెళ్ళండి. మామూలు విటమిన్ మాత్రలు కూడా అందులో ఉండాలి. అడగాల్సినవి: ఈ అంకె నా పాత అంకెలతో పోలిస్తే ఎలా ఉంది? పెరగడానికి క్యాన్సర్ కాని కారణం ఏదైనా ఉందా? మళ్ళీ ఎప్పుడు తీయాలి? ఎంత దాటితే స్కాన్ చేస్తారు?

ఐదేళ్ళు నిండి, జబ్బు జాడ లేకపోతే పెద్దపేగు క్యాన్సర్‌కి సీఈఏ తీయడం మామూలుగా ఆపేస్తారు. కొలనోస్కోపీ మాత్రం ఆగదు. ఆపరేషన్ అయిన ఏడాదికి ఒకటి, అందులో ఏమీ లేకపోతే మరో మూడేళ్ళకి ఒకటి, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి. పాలిప్‌లు కనపడితే ఈ గడువులు ఇంకా దగ్గరవుతాయి. తర్వాతి కొలనోస్కోపీ ఏ సంవత్సరంలో పడుతుందో అదే నోట్‌బుక్ మొదటి పేజీ మీద రాసి పెట్టుకోండి.